సమయ సర్వీసు ఆగి మొదలవుతుంటే
కావలి దగ్గర రొయ్యల చెరువు గట్టున, నీటిలోని ఆక్సిజన్ కొలతలను నమోదు చేయడానికి పెట్టిన మా రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో, సమయాన్ని సరిచేసే క్రోనీ సర్వీసు మొదలైన మరుక్షణమే ఆగిపోయి మళ్లీ మొదలవుతూ ఉండేది. ఇటువంటప్పుడు అందరమూ ముందుగా ఇంటర్నెట్‌నే అనుమానిస్తాము గానీ, నెట్ లేనంత మాత్రాన క్రోనీ ఆగిపోదు, సమయం చెప్పే సర్వర్ అందేవరకు ప్రయత్నిస్తూ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి బోర్డును పదేపదే ఆపి ఆన్ చేయడం మాని, జర్నల్‌సీటీఎల్ కమాండుతో ఆ సర్వీసు లాగ్‌ను, అంటే జరిగినవన్నీ నమోదయ్యే చిట్టాను, తెరిచి ‘ఫేటల్ ఎర్రర్’ అన్న వరుసను వెతకండి. క్రోనీ అమరికలు రాసి ఉండే కాన్ఫిగరేషన్ ఫైలులో తప్పు ఉంటే అది ఎన్నో వరుసలో ఉన్నదో కూడా అక్కడే కనిపిస్తుంది. మా తప్పు సర్వర్ పేరు రాసిన వరుసలో, నేను స్వయంగా టైపు చేసినదే. మరొక క్రోనీ అప్పటికే నడుస్తున్నదని లాగ్ చెబితే, పాతదాన్ని ఆపాలి.

సాధారణ అమరికలో 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టాక, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఇక ప్రయత్నించదు కనుక, తప్పు దిద్దిన తరువాత ఆ లెక్కను చెరిపేసే సిస్టమ్‌సీటీఎల్ ‘రీసెట్-ఫెయిల్డ్’ కమాండు ఇచ్చి సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి. ఈ మోడల్‌లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక సమయం వెనకబడే ఉంటుంది కాబట్టి, పెద్ద తేడాను ఒక్కసారిగా సరిచేయించే ‘మేక్‌స్టెప్ 1 3’ అన్న వరుస ఫైలులో ఉన్నదో లేదో కూడా చూసుకోండి.