ఒక్క మరచెంబు, నాలుగు అంగళ్లు: పాత సరుకు, చేతిపని సరుకు ఆన్‌లైన్‌లో ఎలా అమ్మాలి?

కావలసిన సామాను ఎక్కువేం లేదు. కెమెరా బాగున్న ఫోను, గ్రాముల్లో చూపే కాటా, కొలత టేపు, దారం కట్టిన అట్టముక్కలు, 200 పేజీల లాంగ్‌బుక్కు ఒకటి. స్టూడియో లైట్లు కొనకండి. పొద్దున్న వీధి అరుగు మీద, నీడలో తీస్తే చాలు. ఎండలో తీస్తే ఇత్తడి మీద మీ ఫోనే కనిపిస్తుంది.

కాగితాలు ముందే చూసుకోవాలి. ఆన్‌లైన్ సైట్ల మీద రాష్ట్రం దాటి అమ్మాలంటే జీఎస్టీ నమోదు ఉండాలి. టర్నోవరు పరిమితి లోపలుండి, మన రాష్ట్రంలోనే అమ్మేవారికి 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ సైటులో తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ నంబరు సరిపోతుంది. విదేశాలకు పంపాలంటే ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతిదారుల గుర్తింపు నంబరు) కావాలి. దాన్ని కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు కట్టి తీసుకోవచ్చు.

సరుకును రెండు కుప్పలు చేయండి. అటక మీద నుంచి దించిన మరచెంబు, గంగాళం లాంటి పాతవి ఒక కుప్ప. బుడితి ఇత్తడి, బొబ్బిలి చిన్న వీణల లాంటి కొత్త చేతిపని ఇంకో కుప్ప. పాతవి ఎట్సీ (చేతిపని, పాత సరుకు అమ్మే విదేశీ సైటు), ఈబే, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో పెట్టండి. కొత్తవి అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, ఎట్సీలలో పెట్టండి. అమెజాన్‌లో పాత చెంబు పెడితే ‘సొట్ట ఉంది’ అంటూ వెనక్కి వస్తుంది. సొట్ట ఉండే కదా అది పాతదయింది! ఆ సంగతి అక్కడ కొనేవాళ్లకు పట్టదు.

ఎట్సీలో వింటేజ్ (పాతకాలపుది) అనాలంటే వస్తువుకు కనీసం 20 ఏళ్లు ఉండాలి. గొప్ప కోసం ‘150 ఏళ్ల నాటిది’ అని మాత్రం రాయకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, లోపల వ్యాపారం చేయాలన్నా లైసెన్సు కావాలి. ధర పెరుగుతుందని రాసిన ఆ ఒక్క మాటే కస్టమ్స్‌లో పార్సిల్‌ను ఆపుతుంది. అంచు మీద చెక్కిన పేరు, తేదీ ఉంటే వాటికి ఫొటో తీసి పెట్టండి, వయసు అదే చెప్తుంది. పొందూరు నేత పెట్టేవాళ్లూ జాగ్రత్త పడాలి. ఖాదీ మార్క్ (అసలు ఖాదీ అని చెప్పే అధికారిక ముద్ర) లేని గుడ్డకు ‘ఖాదీ’ అనే పేరు వాడకూడదు.

పాత ఇత్తడిని చింతపండుతో తోమొద్దు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. కొనేవాళ్లు డబ్బు పెట్టేది ఆ ముదురు రంగుకే. తోమిన పాత చెంబుకు కొత్త చెంబు ధరే వస్తుంది. మూతి, అడుగు, మూత మరలు, సొట్టలు, మాటు వేసిన చోటు, లోపలి కళాయి, అన్నిటికీ ఒక్కో ఫొటో ఉండాలి. మరలు పట్టకపోతే పట్టవనే రాయండి.

ఇక అసలు చిక్కు. దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే.

మరచెంబు ఒక్కటే, పెట్టింది నాలుగు చోట్ల. శనివారం రాత్రి ఎట్సీలో ఒకరు, ఆదివారం పొద్దున్న ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకొకరు కొంటారు. ఒక ఆర్డరు రద్దు చేయక తప్పదు. కొత్త సరుకుకూ ఇదే చిక్కు. అమెజాన్ అమ్మకందారు కారణంగా అయ్యే రద్దులను 2.5 శాతం లోపు ఉంచమంటుంది. లక్షల్లో అమ్మేవాడికి అదో లెక్క కాదు. వారానికి 20 ఆర్డర్లు వచ్చేవారికి ఒక్క రద్దే 5 శాతం! చిన్న వ్యాపారికి ఒక్క రద్దుతోనే ఖాతాకు గండం వస్తుంది.

అందుకే ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇవ్వండి: ఊరి అక్షరం, ఏడాది, వరుస. ఉదాహరణకు బు-26-014. అట్టముక్క మీద రాసి చెంబు మెడకు దారంతో కట్టండి. అదే నంబరు అన్ని సైట్లలో ఎస్‌కేయూ (అమ్మేవారు పెట్టుకునే సరుకు నంబరు) గడిలో వేయాలి. లాంగ్‌బుక్కులో ఒక వరుసలో నంబరు, కొన్న ధర, బరువు, ఏ బీరువా ఏ అర, తర్వాత సైటుకో గడి గీయండి. పెట్టిన చోట టిక్కు, దించిన చోట ఇంటూ. టిక్కులు మిగిలిన వరుస ఉంటే ఆ వస్తువు ఇంకా ఎక్కడో అమ్మకంలో ఉన్నట్టే.

అమ్ముడైన కబురు రాగానే చేసే పనుల వరస మార్చొద్దు. మొదట చెంబును అరలోంచి తీసి ‘అమ్మినవి’ అరలో పెట్టండి. తర్వాత మిగతా సైట్లలో దించండి. లిస్టింగ్‌ను (వస్తువు కోసం సైటులో పెట్టిన పేజీని) తొలగించకండి. నిల్వ సున్నా చేయండి, లేదా లిస్టింగ్‌ను తాత్కాలికంగా ఆపి నిద్రపుచ్చండి. సున్నా చేసినా కొన్ని సైట్లలో అది కనిపించడానికి కాసేపు పడుతుంది, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి. ఆ తర్వాతే పుస్తకంలో ఇంటూ, ఆ పైనే ప్యాకింగ్. చాలామంది ముందు అట్టపెట్టె కోసం ఇల్లంతా వెతుకుతారు. పెట్టె దొరికేలోపు రెండో ఆర్డరు పడుతుంది.

నిల్వలు కలిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. ఒకే రకం చీరలు 200 ఉన్నవాళ్లకు అవి బాగానే ఉంటాయి. ఒక్కటే ఉన్న సరుకుకు వద్దు. అవి విడతల వారీగా సైట్లను చూస్తాయి, ఆ సందులోనే రెండో ఆర్డరు దూరుతుంది. పైగా పండక్కి ఇంటికొచ్చి చూసి డబ్బిచ్చి పట్టుకెళ్లిన చుట్టాన్ని ఏ సాఫ్ట్‌వేరు చూస్తుంది? పుస్తకం గుమ్మం దగ్గరే ఉంటే అదీ ఎక్కుతుంది.

“అక్కా, ఆ చెంబు నాకుంచండి, సాయంత్రం డబ్బులేస్తాను” అనే వాట్సాప్ మెసేజీ అన్నిటికన్నా ప్రమాదం. ఉంచితే మిగతా సైట్లలో సున్నా చేసి రెండు గంటలే ఉంచండి. అది కుదరకపోతే “డబ్బు ముందు పడితే మీదే బాబూ” అని చెప్పేయండి. సగం సగం మాట ఇవ్వొద్దు.

చేతిపని కొత్త సరుకు లెక్క వేరు. చిన్న వీణలు ఆరు వస్తే ఆరూ ప్రతి సైటులో చూపకండి. రెండు అమెజాన్‌లో, రెండు ఫ్లిప్‌కార్ట్‌లో, ఒకటి ఎట్సీలో, ఒకటి మీ చేతిలో. చేతిలోది రవాణాలో విరిగినప్పుడు మాట నిలబెడుతుంది. పనస చెక్క రంగు ఒకదానిలా ఇంకొకటి ఉండదు కాబట్టి ‘ఫొటోలోది నమూనా’ అని పైవరుసలోనే రాయండి.

ధరకు ముందు బరువు చూడండి. కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 40×15×15 పెట్టెలో పెట్టిన చిన్న వీణ 700 గ్రాములే తూగినా 1.8 కిలోలకు డబ్బు కట్టాలి. ఎట్సీ లిస్టింగుకు 0.20 డాలర్లు తీసుకుంటుంది, అది నాలుగు నెలలకే. అమ్మితే రవాణా ఖర్చు మీద కూడా కలిపి 6.5 శాతం. ఇవి కలపకుండా ధర పెట్టినవాళ్లు చేతి డబ్బు పోగొట్టుకుంటారు.

విదేశీ పార్సిల్‌కు పోస్టాఫీసులోని ఎగుమతి కేంద్రం, అంటే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం, దారి చవక. పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) ఆన్‌లైన్‌లో నింపి పెట్టె అప్పగించాలి. అందులో వేసే హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని చెప్పే కోడ్) ఇత్తడి వంటసామానుకు 7418, అలంకార బొమ్మలకు 8306. అమెరికాకు 800 డాలర్ల లోపు సుంకం లేకుండా వెళ్లే వీలు 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ సుంకం ఖర్చెవరిదో లిస్టింగులోనే చెప్పండి.

తిరిగొచ్చిన సరుకును నేరుగా అరలో పెట్టకండి. పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసి, మెడకు కట్టిన అట్టముక్క చూసి, బరువు తూచి పుస్తకంలో రాసినదానితో కలిస్తేనే కొత్త వరుసలో టిక్కులు పెట్టండి. బరువులో తేడా ఉంటే అది మీ చెంబు కాకపోవచ్చు. ఆ వీడియోతోనే సైటులో ఫిర్యాదు పెట్టండి.