మంచం కింద నుంచి రాని పిల్లి: నా అనుభవం

రోడ్డు మీద నుంచి తెచ్చిన మా పిల్లి మంచం కింద దూరి కదల్లేదు. జలుబుతో ముక్కు మూసుకుపోయింది, తిండి ముట్టలేదు. బతిమాలాను, ఎత్తుకున్నాను, తిండి మార్చాను, ఇల్లంతా తిరగమని వదిలాను. ఏదీ పనిచేయలేదు.

పిల్లి ఒక రోజంతా తినకపోతే ఆగకూడదు, కాలేయానికే ప్రమాదం. మరుసటి రోజే డాక్టర్‌కి చూపించి మందు మొదలుపెట్టాను.

తర్వాత దాన్ని ఒక్క చిన్న గదిలోనే ఉంచాను. పక్కకి పడుకోబెట్టిన అట్టపెట్టె, లోపల పాత దుప్పటి. మలమూత్రాలకి ఇసుక ట్రే ఒక మూల, తిండీ నీళ్లూ దూరంగా ఇంకో మూల. వాసన తెలియకపోతే పిల్లి తినదు. అందుకని ముందు గోరువెచ్చని తడిబట్టతో ముక్కు తుడిచి, మెత్తటి తిండిని దాని ఒంటి వేడికి, అంటే సుమారు 38 డిగ్రీలకు, వెచ్చబెట్టి పెట్టాను. పెట్టాక నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, దానివైపు చూడకుండా చిన్న గొంతుతో ఏదో ఒకటి చదివేదాన్ని. అదే నావైపు చూస్తే, నెమ్మదిగా కళ్లు మూసి తెరిచేదాన్ని. చెయ్యి మాత్రం చాచలేదు.

ఆ రాత్రే నాలుగు ముద్దలు తింది. నాకు ఏడుపొచ్చేసింది. పదో రోజు తనే వచ్చి నా మోకాలికి తల రుద్దింది.

మందు వల్లా, గది వల్లా అన్నది విడదీసి చెప్పలేను. మరీ బెదిరిన పిల్లికి వారాలు పట్టొచ్చు.