గ్రాఫిక్స్ చిప్ పోయిందని తేల్చే ముందు

గేమింగ్ ల్యాప్‌టాప్ డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా) ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్ పేరు పక్కన పసుపు గుర్తు, తెరిస్తే కోడ్ 43, అంటే లోపం కనిపించి విండోస్ దాన్ని ఆపేసిందని. అంతమాత్రాన చిప్ పోయినట్టు కాదు. ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టండి. అయినా మారకపోతే సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస డ్రైవర్లతో నడిచే పద్ధతి) డీడీయూ అనే డ్రైవర్ తొలగించే టూల్‌తో పాత డ్రైవర్ పూర్తిగా తుడిచి, మీ మోడల్‌కి ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవరే వేయండి. ఆ కాసేపు నెట్ ఆపాలి, లేకపోతే విండోస్ తనకు నచ్చింది వేసేస్తుంది.

విండోస్ మొదలవక ముందే వచ్చే బయోస్ సెట్టింగ్స్ తెరలోనే గీతలు, చుక్కలు వస్తుంటే డ్రైవర్ తప్పు కాదు. హెచ్‌డీఎంఐతో మానిటర్ కలపండి. అక్కడా అవే గీతలుంటే చిప్ లేదా దాని మెమరీ. ల్యాప్‌టాప్ తెర మీదే ఉంటే డిస్‌ప్లే కేబులో, ప్యానెలో.

ఈ చిప్ దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది, విడిగా ఊడదీసి మార్చుకునేది కాదు. హాట్ ఎయిర్‌తో వేడిచేసి ‘బాగుచేస్తాం’ అనేవాళ్లకి డబ్బివ్వకండి. లోపం చాలాసార్లు చిప్ లోపలి అతుకుల్లోనే ఉంటుంది, కొన్నాళ్లకే మళ్లీ పోతుంది.

బోర్డు మార్చేదాకా పని నడవాలంటే బయోస్‌లో గ్రాఫిక్స్‌ని హైబ్రిడ్‌కి (ప్రాసెసర్‌లోని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కూడా తెరను నడిపే పద్ధతి) మార్చి, ఆ తర్వాతే డివైస్ మేనేజర్‌లో ఎన్విడియాని డిజేబుల్ చేయండి. వరస తప్పితే తెర నల్లబడొచ్చు. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి తెరతో కనెక్షన్ లేని మోడళ్లలో ఈ దారి లేదు.