తుపానుల నెల రాకముందే ఊరి పల్లం ఎటో చూసుకోండి

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మన ఊళ్లో పల్లం ఎటు ఉందో మనలో ఎంతమందికి తెలుసు? తుపాను హెచ్చరిక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటికీ ఒకే మాటగా వస్తుంది. కానీ నువ్వలరేవులో సముద్రం పక్కన ఉన్న ఇంటికి, హిరమండలం దిగువన వంశధార ఒడ్డున ఉన్న ఇంటికి, శృంగవరపుకోట దగ్గర కొండ కింద ఉన్న ఇంటికి ముప్పు ఒకే వైపు నుంచి రాదు. ఏళ్ల తరబడి బడిలో నదులు, కొండలు, తీరాల పాఠం చెప్పిన మనిషిని నేను. పరీక్ష అయిపోగానే పిల్లలు మరచిపోయే ఆ పాఠమే అక్టోబరులో ప్రాణాలు కాపాడుతుందని నా గట్టి నమ్మకం.

ముందు క్యాలెండరు చూడండి. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే విశాఖపట్నం దగ్గర దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరి తోటల సీమ ఉద్దానం మీద విరుచుకుపడింది. 2021లో గులాబ్ మరికాస్త ముందుగా, సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే ఆ రోజుల్లో బంగాళాఖాతం నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. తుపాను ఎదగకుండా చెదరగొట్టే పైగాలులు అప్పటికి నెమ్మదిస్తాయి. అందుకే వినాయక చవితి నాటికే మన ఏర్పాట్లు పూర్తి కావాలి. వాతావరణ శాఖ తుపాను అప్రమత్తత ప్రకటన కనీసం 48 గంటల ముందు, హెచ్చరిక కనీసం 24 గంటల ముందు ఇస్తుంది. ఆ వ్యవధి ఇల్లు ఖాళీ చేయడానికి చాలుతుంది. ఎటు వెళ్లాలో ఆలోచించడం అప్పుడు మొదలుపెడితే మాత్రం చాలదు.

నా భయమంతా నదుల గురించే. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, దాదాపు 250 కిలోమీటర్లు ప్రవహించి మన దగ్గర సముద్రంలో కలుస్తాయి. గోదావరితో పోలిస్తే ఇవి చిన్న నదులు. ఎత్తు నుంచి త్వరగా దిగివస్తాయి కనుక వరద కూడా గంటల్లోనే వచ్చిపడుతుంది. వంశధారకు నీరిచ్చే నేలలో ఎక్కువ భాగం ఒడిశాలోనే ఉంది. కనుక మన ఊళ్లో ఎండ కాస్తున్నా గుణుపురం, కాశీనగరం వైపు కుండపోతగా కురిస్తే ఇక్కడ ఏరు గట్టు దాటుతుంది. రాయగడ వైపు వానలు నాగావళిని అలాగే పొంగిస్తాయి. తిత్లీ వెళ్లిపోయిందని జనం ఊపిరి పీల్చుకుని విరిగిన చెట్లు తొలగించుకుంటుండగానే ఒడిశా కొండల్లో పడిన వాన వంశధారలోకి దిగి వరదైంది. గాలి ఆగినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. నది ఒడ్డు ఊళ్లకు అసలు గండం ఆ మర్నాడే మొదలు కావచ్చు.

కాబట్టి ఒడ్డున ఉన్నవారు మన ఊరి వాన ఒక్కటే చూస్తూ కూర్చోవద్దు. ఎగువన ఎంత కురిసింది, వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారు, ఎన్నో ప్రమాద హెచ్చరిక నడుస్తోంది అని కనుక్కుంటూ ఉండండి. మొదటి హెచ్చరికకే పశువులను మెరకకు తోలండి. వీలుకాకపోతే కనీసం పలుపుతాళ్లు విప్పేయండి. కట్టేసిన పశువు ఈదలేదు. ఏటిగట్టున ఉన్న మోటార్లను ముందురోజే పైకి చేర్చండి. వరద ముంచుకొస్తుంటే మోటారు కోసం వెనక్కి పోవద్దు. ఏటి మధ్య ఇసుక దిబ్బ మీద కాపలా పడుకునే అలవాటు ఈ తుపానుల రోజుల్లో మానుకోండి.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఊళ్లకు మరో చిక్కు ఉంది. తుపాను సముద్రాన్ని తీరం మీదికి తోసినప్పుడు మొగలో నీటిమట్టం పెరిగి నది నీరు దిగడానికి దారి ఉండదు. అది వెనక్కి తన్ని గెడ్డల్లోకి (వాగుల్లోకి), అక్కడి నుంచి పొలాల్లోకి పొర్లుతుంది. కళింగపట్నం దగ్గర వంశధార, కల్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి, బారువ దగ్గర మహేంద్రతనయ ఇలా కలిసేవే. తుపాను తీరం దాటే రోజు పౌర్ణమికో అమావాస్యకో దగ్గరగా ఉంటే పోటు మరీ ఎక్కువ. పంచాంగం చూసుకోవడం ఇక్కడ నిజంగా పనికొచ్చే జాగ్రత్త.

ఇంకో పొరపాటు తరచూ వింటుంటాను. "విశాఖ దగ్గర దాటుతుందట, మనకు తప్పింది" అంటారు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అందువల్ల మన తీరంలో తుపాను దాటే చోటికి ఉత్తరం వైపున గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. ఉప్పెన అటువైపే ఎక్కువగా లేస్తుంది. విశాఖకు ఉత్తరాన ఉన్నది మనమే. హుద్‌హుద్ నాడు విజయనగరం జిల్లా ఈ సంగతిని కళ్లారా చూసింది. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, నేరుగా మన మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడుతుంది. అప్పుడు దయచేసి బయటికి రావద్దు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే వేగంతో గాలి మళ్లీ కొడుతుంది. మొదటి గాలికి సడలిన గోడలు, చెట్లు ఆ రెండో గాలికి కూలతాయి.

తీరం వెంట ఉన్న ఇసుక దిబ్బలు, వాటి మీది మొగలి పొదలు, సరుగుడు తోటలు మనకు సహజమైన గోడ. దారి కోసమో ఇసుక కోసమో దిబ్బకు గండి కొడితే ఉప్పెనకు వాకిలి తెరిచినట్టే. మీ ఊరి దిబ్బలో అలాంటి గండి ఉంటే పంచాయతీని అడిగి వానలకు ముందే ఇసుక బస్తాలతో పూడ్పించండి. సోంపేట బీల, సంతబొమ్మాళి వైపు తంపర అనే చిత్తడి నేలలు చేసే పని కూడా ఇలాంటిదే. వరద నీటిని అవి కొంత తమలో నిలుపుకుని నెమ్మదిగా వదులుతాయి. బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని సోంపేట జనం 2010లో ప్రాణాలొడ్డి నిలబడ్డారు. బీలలోకి, తంపరలోకి నీరు పోయే గెడ్డలను పూడ్చకుండా, గుర్రపు డెక్క తీయించి ఉంచడం ఊరి బాధ్యత.

ఉద్దానంలో ప్రమాదం ఎక్కువగా చెట్ల నుంచే. హెచ్చరిక రాగానే కొబ్బరి కాయలు దింపించండి. గాలిలో ఎగిరే కాయ గుండుతో సమానం. చెట్టు కింద రేకుల ఇంట్లో ఆ రాత్రి గడపవద్దు. తుపాను షెల్టరుకో, బడి భవనానికో పొద్దుండగానే చేరండి. తిత్లీ తర్వాత అక్కడి ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. మందులు, టార్చి, తాగునీరు వారానికి సరిపడా ఉంచుకోండి. పట్టాదారు పుస్తకాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి.

విజయనగరం జిల్లా లోపలి ఊళ్లకు సముద్రం దూరం కావచ్చు. అక్కడ చూడాల్సింది చెరువు కట్ట. వానలకు ముందే కట్ట మీద నడిచి ఎలుక బొరియలు, చెదల పుట్టలు, కుంగిన చోట్లు గుర్తుపెట్టండి. మదుము (నీరు వదిలే తూము) తలుపు కదులుతోందా, మిగులు నీరు పోయే దారిలో ఎవరైనా కంచె వేశారా చూడండి. చెరువులు ఒకదాని కింద ఒకటి ఉన్న చోట పై చెరువు తెగితే ఆ నీటి బరువు కింది కట్ట మీద పడుతుంది. కనుక పై ఊరి పెద్ద ఫోను నంబరు మీ దగ్గర ఉండాలి. కొండ గెడ్డల మీది కాజ్‌వేలు మరీ మోసకారివి. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేయగలదు. రెండడుగులైతే చాలా వాహనాలు నిలవలేవు. నీరు కింది రోడ్డును కోసేసి ఉంటే పైకి తెలియదు కూడా.

వరద తీశాక కార్తీక మాసం వస్తుంది. పుణ్యస్నానాలకు, వనభోజనాలకు ఏటికి, తీరానికి బయలుదేరుతాం. అప్పటికి నది అడుగు పాత తీరులో ఉండదు. నిరుడు మోకాలి లోతు ఉన్న రేవులో ఈ ఏడు నిలువులోతు గుంట పడి ఉండవచ్చు, ఇసుక తవ్విన చోట మరీను. పిల్లలను దించే ముందు ఊరి జాలరినో పడవవారినో అడగండి. మొగ దగ్గర మాత్రం అసలు దిగవద్దు. అక్కడ ఇసుక కాలి కింద కరిగిపోతుంది, పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నీరు మనిషిని సముద్రంలోకి లాగేస్తుంది.

మునిగిన బావి నీరు తేటగా కనిపించినా వెంటనే తాగవద్దు. మొత్తం తోడించి, ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదులో బ్లీచింగ్ పౌడరు వేయించి, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కాచి తాగండి. ఉప్పెన నీరు చేరిన బావిలో ఉప్పదనం బ్లీచింగ్‌కూ పోదు, కాచినా పోదు. అలాంటి బావి ఉన్న వీధికి ట్యాంకరు నీరు ఎక్కడి నుంచి తెప్పించాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.