జీవిత చరిత్ర వ్యాసాన్ని సమీక్షించడం – మూడవ పాఠం: పొగడ్త కింద ఏముంది?

గత రెండు పాఠాల్లో వికీపీడియా వంటి విజ్ఞాన సర్వస్వంలోని జీవిత చరిత్ర వ్యాసం నిర్మాణాన్ని, ప్రవేశికను ఎలా పరిశీలించాలో చూశాం. ఈసారి వ్యాస స్వరాన్ని, ఆధారాలను కలిపి పరిశీలిద్దాం. చాలామంది సమీక్షకులు వీటిని రెండు వేర్వేరు పనులుగా చేస్తారు. ముందు విశేషణాలు కొట్టివేస్తారు, ఆ తరువాత మూలాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఈ పద్ధతిని నేను ఒప్పుకోను. చెప్పడానికి గట్టి సమాచారం లేనప్పుడే రచయిత పొగడ్తను ఆశ్రయిస్తాడు. విశేషణాన్ని తీసేసి ఊరుకుంటే అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నింపే ఆధారాన్ని వెతికించడమే అసలు సమీక్ష.

మేరీ క్యూరీ గురించి ఈ వాక్యం చూడండి: “విజ్ఞాన గగనంలో ధ్రువతారగా వెలిగిన ఆ మహామేధావి తన అసమాన ప్రతిభతో ఎన్నో అత్యున్నత పురస్కారాలను కైవసం చేసుకున్నారు.” ఇందులో పాఠకుడు తెలుసుకున్నది ఏమీ లేదు. ఇదే విషయాన్ని ఇలా రాయవచ్చు: “1903లో పియరీ క్యూరీ, హెన్రీ బెకెరెల్‌లతో కలిసి ఆమె భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. 1911లో రసాయనశాస్త్రంలో ఆ బహుమతి ఆమె ఒక్కరికే లభించింది. రెండు వేర్వేరు విజ్ఞానశాస్త్రాల్లో నోబెల్ పొందిన వ్యక్తి ఆమె ఒక్కరే.” ఈ రెండవ రూపంలో ఒక్క పొగడ్త కూడా లేదు. అయినా ఆమె ఎంతటి వ్యక్తో అర్థమవుతుంది. పైగా ప్రతి వాక్యాన్నీ ఎవరైనా సరిచూసుకోవచ్చు.

తటస్థత అంటే ఇబ్బందికరమైన సంగతులను దాటవేయడం కాదు. 1911లోనే భౌతికశాస్త్రవేత్త పాల్ లాంజెవాన్‌తో ఆమె సంబంధం గురించి పత్రికలు పెద్ద దుమారం రేపాయి. ఆమెపై వచ్చిన ప్రామాణిక జీవిత చరిత్రలు దీన్ని చర్చిస్తాయి. కాబట్టి విజ్ఞాన సర్వస్వ వ్యాసంలో దీనికి చోటు ఉండాలి. కానీ ఎంత చోటు? రేడియోధార్మికతపై ఆమె పరిశోధనకు ఒక పేరా, ఈ వివాదానికి నాలుగు పేరాలు కేటాయిస్తే, ప్రతి వాక్యమూ నిజమైనా వ్యాసం పక్షపాతంతో ఉన్నట్టే. స్వతంత్రంగా రాసిన మంచి గ్రంథాలు ఆ విషయానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చాయో అదే మీకు కొలమానం. మీ అభిరుచి కాదు, వ్యాసకర్త అభిమానమూ కాదు.

ఇక మూలాల దగ్గరకు వద్దాం. ఈ పాఠంలో ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించండి. వాక్యం చివర మూలాన్ని సూచించే అంకె కనిపించగానే ఆధారం ఉందని తృప్తిపడకూడదు. మూలాన్ని తెరిచి చదవాలి. చదివితే తరచూ బయటపడే దోషం ఒకటుంది: మూలంలోని క్రియ వ్యాసంలోకి వచ్చేసరికి ఒక మెట్టు పైకెక్కుతుంది. “బృందంలో సభ్యురాలు” అన్నది “బృందానికి నాయకత్వం వహించారు” అవుతుంది. “తొలి రచయితల్లో ఒకరు” అన్నది “తొలి రచయిత” అవుతుంది. రచయిత కావాలని అబద్ధం చెప్పాడని అనుకోనక్కర్లేదు. అభిమానం అలా రాయిస్తుంది. సమీక్షకుడు మాత్రం దాన్ని మూలంలో ఉన్న మెట్టుకు దించాల్సిందే.

తరువాత, ఆ మూలం ఎవరిదో చూడండి. వ్యక్తి సొంత వెబ్‌సైటు, ఆయన ఇచ్చిన ఇంటర్వ్యూ, ఆయన సంస్థ ప్రకటన, అభినందన సంచికలోని వ్యాసం, ఇవన్నీ ఆయనకు దగ్గరివే. చదువు, ఉద్యోగం వంటి వివాదం లేని వివరాలకు వీటిని వాడవచ్చు. ఘనతకు, ప్రభావానికి, “మొట్టమొదటి” అనే మాటకు ఇవి చాలవు. మూడు పత్రికల్లో వచ్చింది కదా అంటారా? ఆ మూడింటిలో ఒకే వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంటే, అవి ఒకే ప్రకటనను అచ్చువేసినట్టు. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఒకే మూలం.

ఇంకొక ప్రమాదం గుండ్రంగా తిరిగే ఆధారం. 2009 ఫిబ్రవరిలో జర్మనీ ఆర్థిక మంత్రిగా కార్ల్ థియోడోర్ జు గుట్టెన్‌బర్గ్ నియామకం సమయంలో, జర్మన్ వికీపీడియాలో ఆయన పొడవాటి పేరు మధ్య ఎవరో “విల్‌హెల్మ్” అనే లేని పేరు చేర్చారు. పత్రికలు దాన్ని అచ్చువేశాయి. ఆ తరువాత ఆ పత్రికా వార్తలే వ్యాసంలోని తప్పుకు ఆధారమయ్యాయి. అందుకే అనుమానం వచ్చిన ప్రతి వాక్యానికీ మార్పుల చరిత్ర తెరిచి, అది వ్యాసంలోకి ఎప్పుడు వచ్చిందో చూడండి. మూలం తేదీ అంతకంటే తరువాతిదైతే, ఆ మూలం వ్యాసం నుంచే తీసుకుందేమో పరిశీలించాలి.

జీవించి ఉన్న వ్యక్తుల విషయంలో ఓపిక పట్టడం తప్పు. 2005లో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌ను కెన్నెడీ సోదరుల హత్యలతో ముడిపెట్టిన అబద్ధం ఆయన గురించిన వికీపీడియా వ్యాసంలో నెలల తరబడి ఉండిపోయింది. ఆధారం లేని హానికర వాక్యానికి “మూలం కావాలి” అని తగిలించి వదిలేయకండి. వెంటనే తొలగించి, కారణాన్ని ఆ వ్యాసానికి అనుబంధంగా ఉండే చర్చా పేజీలో రాయండి.

ఆ వ్యాఖ్య రాసేటప్పుడు రచయితను కాక, వాక్యాన్ని ఉద్దేశించండి. “మీరు పక్షపాతంతో రాశారు” అంటే వాదన మొదలవుతుంది. “రెండవ పేరాలో ‘నాయకత్వం వహించారు’ అని ఉంది. నాలుగవ మూలం ఆమెను సభ్యురాలిగానే పేర్కొంది. వేరే ఆధారం ఉంటే చేర్చగలరా?” అంటే పని జరుగుతుంది.

అభ్యాసం: మీకు బాగా ఇష్టమైన వ్యక్తి వ్యాసాన్నే ఎంచుకోండి, ఎందుకంటే అక్కడే మీ చూపు మొదట మసకబారుతుంది. అందులో మూలం ఉన్న ఐదు వాక్యాలు తీసుకుని, ఒక్కొక్క మూలం తెరిచి, క్రియను క్రియతో పోల్చండి. తేడా ఉన్న వాక్యాలను తిరగరాసి దగ్గర పెట్టుకోండి. నాలుగవ పాఠంలో పుట్టిన తేదీలు, పేర్ల రూపాలు, మూలాలు ఒకదానితో ఒకటి విభేదించినప్పుడు ఏం చేయాలో చూద్దాం.