బీజేజే కి గీ కొంటున్నారా? ముందు టేప్ తీయండి

బీజేజే (బ్రెజిలియన్ జియు-జిట్సు) క్లాసులో కొత్తగా చేరినవాళ్ళు గీ గురించి, అంటే అక్కడ వేసుకునే జాకెట్, ప్యాంట్ జత గురించి, రెండో వారం తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది, "అన్నా, నాకు ఏ2 సైజు సరిపోతుందా ఏ3 తీసుకోవాలా?" అని. మనిషిని పైనుంచి కిందిదాకా చూసి ఏదో ఒకటి చెప్పేయొచ్చు కానీ నేను చెప్పను, ఎందుకంటే ఒక కంపెనీ ఏ2 కీ ఇంకో కంపెనీ ఏ2 కీ పొంతన ఉండదు, రెండూ నేల మీద పరిచి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే చేతుల దగ్గరే మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా కనపడొచ్చు. నేను మొదటి గీ కొన్నప్పుడు నా ఎత్తు ఒక్కటే చూసుకుని ఆర్డర్ పెట్టేశా, స్లీవ్స్ వేళ్ళ దాకా వచ్చేవి, రోలింగ్ లో, అంటే క్లాసులో ఒకరితో ఒకరు తలపడేటప్పుడు, అవతలివాళ్ళు ఆ వదులు బట్టని పిడికిలి నిండా పట్టుకుంటే ఇంక చెయ్యి వెనక్కి లాక్కోవడం నా వల్ల అయ్యేది కాదు. మూడు నెలలు నాకు గ్రిప్ విడిపించుకోవడం చేతకావట్లేదనే అనుకున్నా. తీరా కొలతకి సరిపోయిన గీ వేసుకున్నాక సగం బాధ అక్కడే తీరిపోయింది.

సైజుల సంగతి ముందు చెప్పేస్తా. ఏ అంటే పెద్దవాళ్ళవి, ఏ0 నుంచి ఏ5, కొన్నిచోట్ల ఏ6 దాకా ఉంటాయి. ఎఫ్ అంటే ఆడవాళ్ళ కటింగ్. పిల్లలవి ఎక్కువగా ఎమ్ తో మొదలవుతాయి, ఎమ్0, ఎమ్1 అలా. పక్కన ఎల్ ఉంటే అదే సైజు కొంచెం పొడవుగా, సన్నగా పొడుగ్గా ఉన్నవాళ్ళ కోసం, హెచ్ ఉంటే అదే పొడవు కానీ ఛాతీ, పొట్ట, తొడల దగ్గర వెడల్పుగా. ఈ ఎల్, హెచ్ సంగతి చాలామందికి తెలీదు, పొట్ట దగ్గర బిగుతుగా ఉందని ఏ2 నుంచి ఏ3 కి వెళ్ళిపోతారు, పొట్ట సరిపోతుంది కానీ చేతులు కాళ్ళు పొడవైపోతాయి. వాళ్ళకి కావాల్సింది ఏ2హెచ్.

ఇప్పుడు టేప్ తీయండి. ఎత్తు, బరువు ఎలాగూ ప్రతి చార్ట్ లో అడుగుతారు, కానీ ఆ రెండిటితోనే ఆగిపోవద్దు, ఒకే ఎత్తు ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకరికి భుజాలు వెడల్పు, ఇంకొకరికి తొడలు లావు అయ్యుండొచ్చు. బార కొలత తీసుకోండి, అంటే రెండు చేతులూ పక్కలకి చాపి ఈ మణికట్టు నుంచి ఆ మణికట్టు దాకా వీపు మీదుగా ఎవరినైనా కొలవమనండి. జాకెట్ చేతులు పొడవైనవో పొట్టివో తేల్చేది ఈ ఒక్క కొలతే. తర్వాత ఛాతీ చుట్టుకొలత ఊపిరి పీల్చుకుని ఒకసారి, మామూలుగా ఒకసారి. నడుము, ప్యాంట్ నాడా కట్టుకునే చోట. గజ్జల నుంచి చీలమండ దాకా కాలి లోపలి పొడవు. ఇవన్నీ ఫోన్ లో రాసి పెట్టుకుని ఆ కంపెనీ చార్ట్ పక్కన పెట్టి చూడండి, కొన్ని చార్టుల్లో గీ నే నేల మీద పరిచి కొలిచిన కొలతలు ఇస్తారు, అలాంటివి దొరికితే అంతకంటే మంచిది లేదు.

ఇంకా నమ్మకమైన పద్ధతి ఏంటంటే మీ జిమ్ లో మీ ఒడ్డూ పొడుగుకి దగ్గరగా ఉన్నవాళ్ళ గీ ఒకసారి వేసుకుని చూడటం. ఉతికిన శుభ్రమైనది అడిగి తీసుకోండి, అడిగేటప్పుడే ఎన్నిసార్లు ఉతికారు, వేడి నీళ్ళల్లోనా చల్లనీళ్ళల్లోనా అని కూడా అడగండి. సరిపోతే దాన్ని పరిచి ఈ చేతి చివర నుంచి ఆ చేతి చివరకి, భుజం నుంచి కింద అంచుకి, ప్యాంట్ నడుము నుంచి అంచుకి కొలుచుకోండి. ఆ మూడు నంబర్లు జన్మంతా పనికొస్తాయి.

ఉతకడం గురించి ఎందుకు అడగమన్నానంటే గీ అంటే దాదాపు మొత్తం కాటన్, కాటన్ ముడుచుకుపోతుంది. ప్రీ-ష్రంక్ (ముందే ముడుచుకునేలా చేసిన బట్ట) అని రాసి ఉన్నా అది ఇంక అస్సలు ముడుచుకోదని కాదు, తక్కువ ముడుచుకుంటుందని. లెక్క చూడండి, జాకెట్ చేతి చివర నుంచి చేతి చివరకి 160 సెంటీమీటర్లు ఉందనుకుందాం, 4 శాతం తగ్గితే 6 సెంటీమీటర్ల పైన పోతుంది, అంటే ఒక్కో చేతికి 3. కొత్తది వేసుకున్నప్పుడు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగితే రెండు నెలల తర్వాత మణికట్టు పైన ఆగుతుంది. అందుకే కొత్త గీ లో చెయ్యి చాపినప్పుడు స్లీవ్ మణికట్టు ఎముకని దాటి ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటే కంగారు పడొద్దు, అది ఉండాల్సిందే. ప్రీ-ష్రంక్ కాకపోతే ఇంకొంచెం ఎక్కువ ఉండాలి.

కాంపిటీషన్ కి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) రూల్ ప్రకారం చెయ్యి నేలకి సమాంతరంగా చాపినప్పుడు స్లీవ్ చివరకీ మణికట్టుకీ మధ్య 5 సెంటీమీటర్లకి మించి ఖాళీ ఉండకూడదు, ప్యాంట్ కూడా చీలమండ ఎముకకి 5 సెంటీమీటర్ల కంటే పైన ఆగకూడదు, జాకెట్ తొడల దాకా రావాలి. స్లీవ్ వదులు 7 సెంటీమీటర్లు, కాలర్ వెడల్పు 5, మందం 1.3. నేను ఒక టోర్నమెంట్ లో గీ చెక్ దగ్గర నిలబడి చెయ్యి చాపితే అక్కడున్నాయన కొలిచే కర్ర లాంటి సాధనం ఒకటి తీసి నా స్లీవ్ లో దూర్చి మోచేతి వైపు మెల్లగా జరుపుకుంటూ పోయాడు, ముంజేయి సగం దాకా బాగానే పోయింది, మోచేతి కిందకొచ్చేసరికి బట్టలో ఇరుక్కుంది, ఇంకో ఇంచి కూడా కదల్లా. నెలల తరబడి ఆ గీ ని వేడిగా డ్రయ్యర్ లో ఆరబెట్టింది నేనే. పిలుపు రావడానికి కొన్ని నిమిషాలు ఉందనగా మా టీమ్ తమ్ముడు ఒకడు వాడి గీ తీసి ఇచ్చాడు, ఆ చెమట జాకెట్ లోనే మ్యాచ్ ఆడా. అందుకని ఇంట్లోనే చూసుకోండి. చెయ్యి చాపి స్లీవ్ బట్టని కిందికి లాగి చూస్తే చేతికీ బట్ట చివరకీ మధ్య బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ రావాలి, మణికట్టు దగ్గరే కాదు, మోచేతి దాకా ఎక్కడ చూసినా రావాలి.

కాంపిటీషన్ ఆలోచన లేకపోయినా అంత వదులు ఉంచుకోవడమే మంచిది. బిగుతు స్లీవ్ పట్టుకోవడం కష్టం కదా లాభమే కదా అని కొందరు కావాలని టైట్ గా తీసుకుంటారు, కానీ మోచెయ్యి పూర్తిగా మడవలేరు, ఫ్రేమ్ పెట్టేటప్పుడు, అంటే అవతలివాళ్ళని దూరంగా ఆపడానికి ముంజేయి అడ్డం పెట్టేటప్పుడు, బట్ట ముంజేతిని పట్టేస్తుంది. మరీ వెడల్పైతే స్పైడర్ గార్డ్, లాసో లాంటి స్లీవ్ పట్టుకుని ఆడే పద్ధతుల వాళ్ళకి మీరే దొరికిపోతారు. రెండిటి మధ్యలో ఉండాలి.

గీ వచ్చిందా, ట్యాగ్ కోయకుండా వేసుకోండి, బెల్ట్ కట్టండి, అద్దం ముందు నిలబడి చూసుకోవడం కాదు, కదలండి. నిలబడితే అన్ని గీలూ బాగానే ఉంటాయి. రెండు చేతులతో మిమ్మల్ని మీరు గట్టిగా వాటేసుకోండి, వీపు మీద భుజాల మధ్య బట్ట పట్టేసినట్టు ఉంటే జాకెట్ చిన్నది. చేతులు పైకెత్తండి, జాకెట్ అంచు కొంచెం పైకి రావడం మామూలే, కానీ మొత్తం బెల్ట్ లోంచి ఊడి వచ్చేస్తే పొడవు చాలట్లేదు. రెండు లాపెల్స్ (జాకెట్ ముందు అంచులు) ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు పైది అవతలి వైపు తుంటి ఎముక దగ్గరకి వెళ్ళాలి, బొడ్డు దాటి కొంచెమే వెళ్తే రెండు నిమిషాల రోలింగ్ లో ఛాతీ మొత్తం తెరుచుకుంటుంది, అలాగని వీపు దాకా చుట్టుకుపోతే ఆ మిగిలిన బట్టతోనే మిమ్మల్ని కట్టేస్తారు, లాపెల్ గార్డ్ ఆడేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి.

ప్యాంట్ కి గొంతుక్కూర్చుని చూడండి, మడమలు నేలకి ఆనేలా పూర్తిగా. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఛాతీకి లాక్కోండి, ఒక కాలు పక్కకి తిప్పి ఎవరో ఎదురుగా ఉన్నట్టు గార్డ్ పెట్టండి, అంటే కింద నుంచి కాళ్ళతో వాళ్ళని ఆపుతున్నట్టు. గజ్జల్లో లాగినట్టు ఉన్నా మోకాలి మీద బట్ట బిగుసుకున్నా అది మీ ప్యాంట్ కాదు. గజ్జల దగ్గర విడిగా ఒక ముక్క వేసి కుట్టి ఉందా చూడండి, కాళ్ళు బాగా విడిపోవడానికి ఉపయోగపడేది అదే, మోకాళ్ళకి రెండో పొర ఉందా కూడా చూడండి. అంచు చీలమండ ఎముక దగ్గర ఆగాలి, మడమ కిందకి వస్తే ఒప్పుకోవద్దు, టేక్ డౌన్ కి, అంటే అవతలివాళ్ళని కింద పడేయడానికి, అడుగు వేసేటప్పుడు మీ ప్యాంట్ మీరే తొక్కుతారు, కాలి వేళ్ళు అంచులో ఇరుక్కుని మెలిపడితే నొప్పి వారం ఉంటుంది. నాడా విషయంలో నాకు తాడులా గుండ్రంగా సాగేదే ఇష్టం, బల్లపరుపు కాటన్ నాడా చెమటకి తడిసి ముడి విప్పడానికి చాలా సేపు పడుతుంది.

బట్ట మందం వల్ల కూడా ఫిట్ మారుతుంది, ఇది ఎక్కువమంది పట్టించుకోరు. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటర్ బట్ట ఎన్ని గ్రాములో, 350 దగ్గర ఉంటే పల్చన, 450 మధ్యరకం, 550 బరువు. నేతల్లో పర్ల్ వీవ్ ఇప్పుడు అందరూ ఎక్కువగా వాడేది, బరువు తక్కువ, గట్టిగా కూడా ఉంటుంది. గోల్డ్ వీవ్, డబుల్ వీవ్ మందంగా ఉంటాయి, కొత్తలో అట్టలా నిలబడతాయి, అదే సైజు అయినా బిగుతుగా అనిపిస్తాయి, పది ఉతుకులకి మెత్తబడతాయి. మొదటి గీ అయితే 450 చుట్టుపక్కల పర్ల్ వీవ్ తీసుకోమంటా. ఐబీజేజేఎఫ్ పోటీల్లో గీ తోనే తూకం వేస్తారు కాబట్టి బరువు కేటగిరీ అంచున ఉన్నవాళ్ళు పల్చటిది చూసుకోవాలి.

జూడో గీ ఇంట్లో ఉంటే మొదటి నెల దానితో లాగించేయొచ్చు, తప్పేం లేదు, అసలు మన గీ వచ్చిందే జూడో నుంచి, 1914 లో జపాన్ జూడో ఆటగాడు మాయెదా బ్రెజిల్ వెళ్ళినప్పుడు ఈ ఆటతో పాటు ఈ దుస్తులూ వెళ్ళాయి, అక్కడ ఇప్పటికీ దీన్ని కిమోనో అనే పిలుస్తారు. కాకపోతే జూడో గీ స్లీవ్స్ వెడల్పు, జాకెట్ కింద భాగం పొడవు, పట్టుకోవడానికి అవతలివాళ్ళకి బట్ట ఎక్కువ దొరుకుతుంది. కరాటే యూనిఫామ్ మాత్రం వద్దు, అది పల్చన, రెండు కాలర్ గ్రిప్పులకే చిరిగిపోతుంది.

ఆడవాళ్ళకి ఎఫ్ సైజులో భుజాలు సన్నగా, తుంటి దగ్గర వెడల్పుగా కట్ చేస్తారు, చాలామందికి అదే బాగుంటుంది, కానీ భుజాలు వెడల్పుగా ఉన్న అక్కలు కొందరు ఏ0, ఏ1 లోనే హాయిగా ఉన్నారు, కాబట్టి రెండు చార్టులూ చూడండి. కొన్ని కంపెనీలు జాకెట్, ప్యాంట్ విడివిడిగా అమ్ముతాయి, పైన ఒక సైజు కింద ఒక సైజు అయినవాళ్ళకి అది పెద్ద వరం. పిల్లలకైతే ఎదుగుతారు కదా అని రెండు సైజులు పెద్దది కొనకండి, దయచేసి. చేతులు మడతపెట్టి వేస్తారు, ఆ మడతలో అవతలి పిల్లాడి వేళ్ళు ఇరుక్కుంటాయి. ఒక సైజు పెద్దదైతే పర్లేదు, అంతకు మించొద్దు.

రంగు ఐబీజేజేఎఫ్ పోటీలకైతే తెలుపు, రాయల్ బ్లూ, నలుపు ఈ మూడే, పైనా కిందా ఒకే రంగు. బెల్ట్ కట్టాక రెండు చివరలూ 20 నుంచి 30 సెంటీమీటర్లు వేలాడాలి, అంటే జానెడు, లేదంటే ఇంకో నాలుగు వేళ్ళు ఎక్కువ.

సరిపోయింది అనుకున్నాక ట్యాగ్ తీసి చల్లనీళ్ళల్లో ఉతికి నీడలో ఆరేయండి, కాలర్ లోపల మెడ వెనక భాగం చివరగా ఆరుతుంది, వేళ్ళతో నొక్కి చూసి అక్కడ తడి లేకపోతేనే మడతపెట్టండి. మూడో ఉతుకు తర్వాత మళ్ళీ కొలవండి. ఇంకా కొంచెం పెద్దగా ఉంటే గోరువెచ్చని నీళ్ళతో ఒకసారి, చాలకపోతే ఇంకొంచెం వేడితో ఇంకోసారి, ప్రతిసారీ వేసుకుని చూస్తూ తగ్గించుకోవచ్చు, ఒకేసారి సలసల కాగే నీళ్ళల్లో వేస్తే వెనక్కి రాదు. జాకెట్ సరిపోయి ప్యాంట్ ఒక్కటే పొడవుగా ఉంటే వేడినీళ్ళ జోలికే పోకండి, నడుము తొడలు కూడా బిగుసుకుంటాయి, టైలర్ కి ఇచ్చి అంచు లోపలికి మడిచి గట్టి దారంతో రెండు వరసలు కుట్టమనండి, కోయొద్దని మరీ మరీ చెప్పండి, ఆరు నెలలకి ఇంకా ముడుచుకుంటే ఆ మడత విప్పుకోవచ్చు.