పొద్దుగాల బండి కీచుమంటే: అమెరికా చలికి కొత్తగా వచ్చినవారికి

నల్లగొండలోనో పాలమూరులోనో బండి నడిపినవాళ్లకు ఎండకు ఇంజన్ వేడెక్కుతుందన్న భయమే తెలుసు. మిషిగన్, మిన్నెసోటాల్లో మాత్రం బండికి గండం చలితోనే. సున్నాకు దిగువన పదిహేను డిగ్రీలున్న పొద్దుగాల తాళం తిప్పగానే బానెట్ కింద "కీఁ"మని అరుపు వస్తుంది, ఒకట్రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆగింది కదా అని వదిలేయకండి. వెంటనే కొత్త బెల్టు కూడా కొనకండి, తప్పు చాలాసార్లు వేరేచోట ఉంటుంది.

అరిచేది సర్పెంటైన్ బెల్టు. మనదిక్కు ఫ్యాన్ బెల్టు అంటాం. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, చాలా బండ్లలో నీళ్ల పంపు కూడా దీనిమీదే తిరుగుతాయి. చలికి రబ్బరు బిగుసుకుని, బెల్టు తిరిగే చక్రాన్ని, అంటే పుల్లీని, సరిగా పట్టదు. స్టార్టర్ లాగేసిన కరెంటును ఆల్టర్నేటర్ బ్యాటరీకి తిరిగి నింపాల్సిందీ అప్పుడే. దానికి తోడు హీటర్ ఫ్యాను, వెనకద్దం డీఫ్రాస్టర్, సీటు హీటర్ అన్నీ ఒక్కసారే వేస్తాం. అవి ఆపగానే అరుపు తగ్గితే బెల్టు జారుతున్నట్టే.

ముందు బ్యాటరీ చూడండి. రాత్రంతా నిలిపిన బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 అంటే సగమే నిండినట్టు. స్టార్ట్ చేశాక చాలా బండ్లలో 13.5 నుంచి 14.7 మధ్య చూపిస్తుంది. బ్యాటరీ చచ్చుబడి ఉంటే కొత్త బెల్టు మీద కూడా అదే బరువు పడుతుంది. అక్కడి విడిభాగాల దుకాణాల్లో చాలావరకు బ్యాటరీని ఉచితంగానే పరీక్షిస్తారు.

తర్వాత ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, టార్చితో బెల్టు గాళ్లవైపు, అంటే పొడవునా గాడులున్న వైపు, చూడండి. పాత రకం బెల్టులు పగిలేవి. ఇప్పటి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పగలకుండానే టైరులా అరుగుతుంది, అందుకే పైకి బాగున్నట్టే కనిపిస్తుంది. గాళ్ల మధ్య గట్లు సన్నబడ్డా, బెల్టు అద్దంలా మెరుస్తున్నా మార్చాల్సిందే. నూనె తడో, తియ్యటి వాసన వచ్చే కూలెంటో అంటి ఉంటే ముందు ఆ కారుడు ఆపాలి, లేకపోతే కొత్తదీ పాడవుతుంది.

ఇంకా తేలకపోతే నీళ్ల పరీక్ష ఉంది. గడ్డకట్టని వాతావరణం ఉన్న రోజు, గ్యారేజీ షట్టర్ పూర్తిగా తెరిచి చేయండి, మూసిన చోట ఇంజన్ పొగ ప్రాణాలు తీస్తుంది. చున్నీ, మఫ్లర్, జాకెట్ తాళ్లు బెల్టుకు అందకుండా కట్టుకోండి. నడుస్తున్న బెల్టు గాళ్లమీద దూరం నుంచి స్ప్రే బాటిల్‌తో కాసిన్ని నీళ్లు కొట్టండి. అరుపు పెరిగితే బిగువు చాలట్లేదు, బెల్టును బిగించి పట్టే టెన్షనర్ స్ప్రింగు అలసింది. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ వరుస తప్పింది. నీళ్లకు ఏమీ మారకుండా గరగర వినిపిస్తుంటే అది బేరింగ్ కావచ్చు.

అరుపు ఆపుతుందని అమ్మే బెల్టు స్ప్రే వాడకండి. ఆ జిగురుకు దుమ్ము పట్టి గాళ్లు నిండుతాయి, అసలు తప్పు దాగిపోతుంది.

కొత్త బెల్టు మీద 6పీకే1880 అని ఉంటే 6 గట్లు, 1880 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. పాతది విప్పకముందే అది తిరిగే దారిని ఫోటో తీసుకోండి. టెన్షనర్ లేని సాగే బెల్టు అయితే ప్రత్యేక పనిముట్టు కావాలి, షాపులోనే వేయించండి. బండి లక్ష మైళ్లు దాటి ఉంటే టెన్షనర్ కూడా మార్చమని అడగండి, ఖర్చు ముందే రాతలో తీసుకోండి.

దారిలో బ్యాటరీ లైటు వెలిగి, వేడి ముల్లు లేస్తుంటే బెల్టు తెగినట్టే. పక్కకు ఆపి ఇంజన్ వెంటనే కట్టేయండి, చలిలోనైనా నీళ్ల పంపు తిరగకపోతే ఇంజన్ నిమిషాల్లో కాలిపోతుంది. అప్పుడు హీటరూ ఉండదు, చలికాలమంతా డిక్కీలో ఒక దుప్పటి, చేతి తొడుగులు ఉంచండి.